పదకొండో పాటకు బొమ్మ

నేను పాఠాలు చెప్పే బడికి ఎండాకాలం సెలవులిచ్చిన మరునాడే బెంగళూరు ప్రచురణ సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. నా పిల్లల పాటలు చదివారట, బాగున్నాయట. కాకపోతే ఒకే పేజీలో తెలుగు లిపిలోనూ, కింద కన్నడ లిపిలోనూ అచ్చు వేయాలన్న నా కోరిక దగ్గరే చిక్కు వచ్చిందట. అలాంటి పుస్తకాన్ని అంగట్లో ఏ అరలో పెట్టాలో తమకు తోచడం లేదని మర్యాదగానే రాశారు.

వంటింట్లో నిలబడి ఆ మెయిల్ మా ఆయన గిరీశ్‌కు చదివి వినిపించాను. అతను బంగారుపేటలో ఏడు గంటల రైలు అందుకోవాలి. ఒక చేత్తో టిఫిన్ డబ్బా మూత పెడుతూనే విన్నాడు.

"అరలో ఏమిటికి పెట్టల్ల? పిల్లోళ్ళ చేతుల్లో పెడితే సాలదా? సుమా, మనమే అచ్చేసుకుందాం. ఉండేది పన్నెండు పాటలే గదా."

అంత సులభంగా అనేసి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ పూటంతా ఆ మాట చుట్టూనే తిరిగాను.

నాది కుప్పం. తెలుగు బడిలో చదువుకున్నాను. పెళ్ళయి సరిహద్దు దాటి బంగారు గనుల ఊరు ఆండర్సన్‌పేటకు వచ్చాక ఒక వింత చూశాను. ఇక్కడ చాలా ఇళ్ళలో మాట తెలుగు, చదువు కన్నడం. మా అమ్మాయి మధురకు ఎనిమిదేళ్ళు. తెలుగులోనే పోట్లాడుతుంది, తెలుగులోనే అలుగుతుంది, తెలుగు అక్షరం చూపిస్తే మాత్రం ఎవరింటి తలుపో చూసినట్టు చూస్తుంది. ఆ పాటలన్నీ దానికోసం పుట్టినవే. పొద్దున జడ వేసేటప్పుడు కదలకుండా కూర్చోవాలంటే రోజుకో పాట కట్టాల్సి వచ్చేది. అలా పుట్టిందే ఇది:

పట్టుపురుగా పట్టుపురుగా ఏం తింటివి?
ఆకు తింటి, ఆకు తింటి, ఇంగా తింటి.
నూలు తీసి, నూలు చుట్టి ఇల్లు కడితి,
లోన దూరి చూసుకొంటే వాకిలి మరిస్తి!

"వాకిలి మరిస్తి" దగ్గర మధుర ప్రతిసారీ పకపకా నవ్వి తల కదిలించేది, నా చేతిలో జడ విడిపోయేది.

బొమ్మలు కావాలి. గిరీశ్ ఆఫీసులో ఎవరికో తెలిసిన అమ్మాయి కంప్యూటర్ మీద గీసి పంపింది. పాపం, కష్టపడే గీసింది. పట్టుపురుగు ఆకుపచ్చగా, ఎర్ర బూట్లు వేసుకొని ఆపిల్ పండు మీద కూర్చుంది. రాగిముద్ద లడ్డులాగా ఉంది. బంగారు గని అంటే కొండలో ఒక గుహ, లోపల మిలమిలా మెరుపులు.

ఆ కాగితాలు హాల్లో బల్ల మీద ఉంటే మా మామగారు మునిశంకర్ కళ్ళజోడు పైకి నెట్టుకొని ఒక్కొక్కటే చూశారు. డెబ్బై రెండేళ్ళ మనిషి. రోజుకు పట్టుమని పది మాటలు మాట్లాడరు.

"పట్టుపురుగు పచ్చగా ఉంటాదా?" అన్నారు.

"పిల్లల బొమ్మ గదా మామా."

"పిల్లోళ్ళకైతే అబద్ధం చెప్పొచ్చునా?"

మరునాడు పొద్దున చూస్తే ఆ కాగితం వెనకవైపు పెన్సిలుతో గీసిన పట్టుపురుగు ఉంది. ఒంటి మీద గీతలు, తోక దగ్గర చిన్న కొమ్ము, మల్బరీ ఆకు మీద తల పైకెత్తి నిద్రపోతూ. మా అత్త హనుమక్క పుట్టింట్లో పట్టు పెంచేవాళ్ళు. ఆమె ఆ బొమ్మను పట్టుకొని, "పొర విడిచే ముందర రెండో నిద్దరలో ఉండాది ఇది" అంది. అంతటితో ఆగకుండా నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మీ మామ పెన్సిలు పట్టి ఇరవై మూడేండ్లాయె" అంది.

మామ గని సర్వే ఆఫీసులో ట్రేసర్‌గా పనిచేశారు. భూమి కింద ఏ సొరంగం ఎటు పోతుందో, ఎంత లోతులో ఉందో, ఆ పటాలను పలచని ట్రేసింగ్ బట్ట మీద నల్ల ఇంకుతో ఎత్తి రాయడం ఆయన పని. గని మూసేశాక ఒక హార్డ్‌వేర్ అంగట్లో కూర్చున్నారు, తర్వాత అదీ మానుకున్నారు. ఇదంతా నాకు తెలుసు. ఆయన గీస్తుండగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

ఆ వారంలోనే మంచం కింది నుంచి రేకుపెట్టె బయటికి వచ్చింది. స్కేళ్ళు, వృత్తలేఖిని, మూలమట్టాలు, సన్న గీతలకు ఒక పెన్ను, లావు గీతలకు ఒక పెన్ను. అన్నం తినే బల్ల డ్రాయింగ్ బోర్డయింది. మేము నేల మీద కూర్చొని తిన్నాం. అత్త గొణిగింది గానీ, బల్ల దగ్గరికి వెళ్ళేటప్పుడు కొంగు ఇంకులో పడకుండా నడుముకు దోపుకొనేది.

ఆయన పద్ధతి వేరు. ఊహించి ఏదీ గీయరు. రైలు పాటకు బొమ్మ గీయడానికి మధురను వెంటబెట్టుకొని బంగారుపేట స్టేషనుకు వెళ్ళి, ప్లాట్‌ఫారం మీది బెంచీని టేపుతో కొలిచారట. పోలీసాయన వచ్చి ఏం చేస్తున్నావని అడిగితే మధురే జవాబు చెప్పిందట.

"పాటల పుస్తకానికి సార్. మా తాత అబద్ధం బొమ్మలు గీయడు."

పోలీసాయన నవ్వి టేపు ఇంకో కొస పట్టుకున్నాడట. ఆ సంగతి ఇంటికొచ్చి చెబుతూ మామ నవ్వారు. నేను కాపురానికి వచ్చి పదేళ్ళు. ఆయన పళ్ళు కనిపించేలా నవ్వడం అదే మొదటిసారి చూశాను.

రోజూ పొద్దున కాఫీ తాగాక ఒక పాట చదివి వినిపించేదాన్ని. ఆయన కళ్ళు మూసుకొని వినేవారు, రెండు ప్రశ్నలు అడిగేవారు, పని మొదలుపెట్టేవారు. మే నెల మొదటి వారానికి పది బొమ్మలు పూర్తయ్యాయి. ఆ రోజు పదకొండో పాట చదివాను. ఇక్కడి పిల్లలకు నాన్న అంటే అప్ప, గనిలోకి దించే ఇనుప బోను కేజు.

గంట కొట్టె, గంట కొట్టె, కేజు దిగిపాయె,
నెత్తిమీద దీపమెట్టి అప్ప దిగిపాయె.
ఇంత లోతా, అంత లోతా, ఎంత లోతు అప్పా?
నీ గాలిపటమెంత ఎత్తో దానికన్నా పాపా!
గంట కొట్టె, గంట కొట్టె, కేజు పైకి వచ్చె,
డబ్బాలోన సగం బన్ను దాచి అప్ప తెచ్చె.

పన్నెండింటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాట అది. చదివి తలెత్తాను. మామ ప్రశ్నలేమీ అడగలేదు. పెన్నుకు మూత పెట్టి, చెప్పులు వేసుకొని బయటికి వెళ్ళిపోయారు.

తర్వాత మూడు రోజులు బల్ల దగ్గరికి రాలేదు. నాలుగో రోజు వచ్చి పన్నెండో పాటకు బొమ్మ గీశారు. మామిడి తోటలో ఉడుతల పాట అది. పదకొండో కాగితం ఖాళీగా అలాగే ఉంది.

"మామా, గని పాట..." అన్నాను.

"చూస్తాను" అన్నారు. ఆ గొంతు విన్నాక రెండోసారి అడగబుద్ధి కాలేదు.

ఆ మధ్యాహ్నం అత్త పెరటి గడప మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఒక ముద్ద అందుకొని గింజలు తీయసాగాను. తర్వాత తనే అంది.

"మీ మామకు ఒక తమ్ముడుండె. చంద్రు అని."

నేను గింజ తీయడం ఆపాను. ఆ ఇంట్లో పదేళ్ళలో ఆ పేరు ఒక్కసారీ వినలేదు.

"గనిలో దిగి పనిచేస్తా ఉండె. ఇరవై ఎనిమిదేండ్లు. ఒక దినం లోపల రాయి పగిలె. ఎయిర్‌బ్లాస్ట్ అంటారు ఇక్కడ. ఇండ్లు కూడా అదిరిపాయె, గూట్లో గిన్నెలు పడె. అందరం షాఫ్టుకాడికి, గని నోటికాడికి పరిగెత్తితిమి. గంట కొట్టేది, కేజు పైకి వచ్చేది, దిగినోళ్ళను చూసుకొనేది. మళ్ళా గంట. నలుగురు రాల్యా. లోపల ఇంగా రాయి రాలతానే ఉండె, వెతకను దిగినోళ్ళు కూడా ఉత్తచేతులతో తిరిగొచ్చిరి. కడాకి ఆ చోటు మూసేసిరి."

"అంటే చిన్నమామ..."

"తీయనే లేదమ్మా."

అత్త చింతపండు ముద్దను పక్కకు జరిపింది. "వాని పెండ్లాం పిల్లమ్మ. ఐదు నెలల బిడ్డ చంకన. షాఫ్టుకాడ అంతమంది ముందర మీ మామ ముఖం చూసి ఒకే మాట అనె. 'నువ్వు గీసిన చోటే గదా బావా' అని. అంతే. ఇంగేమీ అనల్యా. మీ మామ మళ్ళా ఆ ఇంటి గడప తొక్కల్యా. ముప్పై ఏడేండ్లు. ఆమె చాంపియన్ రీఫ్స్‌లో, గనోళ్ళ వరసిండ్లలో, ఆ లైనింట్లోనే ఉండాది. ఆటోలో పోతే పది నిమిషాలు."

"మామ తప్పేముంది అందులో?"

"తప్పని ఎవరన్నారు? ఆమె కూడా తప్పని అనల్యా."

సాయంత్రం మామ వాకిట్లో కుర్చీ వేసుకొని ఉంటే దగ్గరికి వెళ్ళాను.

"నాకు తెలీదు మామా. తెలిసుంటే రాసేదాన్నే కాదు. ఆ పాట తీసేస్తాను. పదకొండు పాటలు చాలు."

ఆయన వీధి వైపే చూస్తూ అన్నారు.

"పాటలో తప్పేముండాది? గంట కొట్టేది, కేజు పైకి వచ్చేది. రోజూ అట్లే గదా వచ్చేది. వేలమంది దిగి వేలమంది పైకి వస్తా ఉండిరి. ఒక్క దినం రాల్యా." కుర్చీలోంచి లేచి నా వైపు తిరిగారు. "తీసేయొద్దు. నేను గీస్తాను. అయితే పిల్లమ్మ చూడకుండా ఆ పుస్తకం అచ్చుకు పోకూడదు. ఆమె వద్దంటే తీసేస్తువు."

ఐదు రోజులు పట్టింది ఆ ఒక్క బొమ్మకు. పేజీ పైభాగాన పెంకుటిళ్ళ వరుస, తీగ మీద బట్టలు, గాలిపటం ఎగరేస్తున్న పాప. అక్కడి నుంచి నిటారుగా కిందికి సన్నటి షాఫ్టు. దాని పక్కకు చీలిపోతున్న అడ్డ సొరంగాలు, అంటే లెవెళ్ళు, ప్రతిదానికీ చీమ తలకాయంత అంకె. పేజీ దాదాపు అంతా నల్ల గీతలే. అడుగున, ఒక మూల, గోరంత వెలుతురు. అందులో ఒక మనిషి రాతికి ఆనుకొని, ఒక మోకాలు పైకెత్తి కూర్చొని డబ్బా విప్పుకొని తింటున్నాడు. పక్కన దీపం.

మధుర బల్ల అంచుకు గడ్డం ఆనించి చూస్తోంది. గిరీశ్ ఆఫీసుకు బయలుదేరుతూ బూటు లేసు కట్టుకుంటున్నాడు.

"తాతా, ఈయప్ప ఎవరు?"

"మా తమ్ముడు."

"నీకు తమ్ముడుండాడా! నాకు చెప్పనే ల్యా."

"ఉండె."

"పేరేమి?"

"చంద్రు" అన్నారు మామ.

గిరీశ్ లేసు పట్టుకొని అలాగే వంగి ఉండిపోయాడు. వంటింట్లో అత్త గిన్నెల చప్పుడు ఆగింది. మధుర మాత్రం, "చంద్రు తాత ఏం తింటా ఉండాడు?" అని అడిగింది. "చిత్రాన్నం" అన్నారు మామ, ఇంకు ఆరిందో లేదో చూస్తూ. ఆ రోజు గిరీశ్‌కు ఏడు గంటల రైలు తప్పిపోయింది.

బంగారుపేటలో మునీంద్ర ప్రెస్సుది ఇంకో కథ. అతను పెళ్ళి పత్రికలు, స్కూలు డైరీలు వేసేవాడు. అన్నీ కన్నడం, ఇంగ్లీషు. తెలుగు ఇస్తే మొదటి ప్రూఫులో వత్తులన్నీ ఊడిపోయి వచ్చాయి. 'ముద్ద' అన్న మాటలో ద ఒకచోట, దాని వత్తు ఇంకోచోట. "ఇది మీ అక్షరాల తప్పు మేడం, కన్నడం చూడండి ఎంత బుద్ధిగా కూచొని ఉండాదో" అన్నాడు. ఇద్దరం కలిసి రెండు మధ్యాహ్నాలు వేరే ఫాంటు వెతికి, ఒక్కొక్క వత్తునూ దాని తల్లి దగ్గరికి చేర్చాం. మూడు వందల ప్రతులు. ఇరవై ఎనిమిది పేజీలు, మధ్యలో పిన్ను.

"గురువారం మిషను ఖాళీగా ఉండాది. ఆ దినం దాటితే ఇంగ ఇస్కూలు నోటుబుక్కులే. జూన్ కడ దాకా నా చేతిలో ఉండదు, ముందే చెప్తా ఉండాను."

బడి తెరిచాక మొదటి శనివారం పిల్లలకూ, వాళ్ళ అమ్మానాన్నలకూ కలిపి పాటలు చదివించడానికి మా హెడ్‌మిస్ట్రెస్‌ను ఒప్పించుకొని ఉన్నాను. పుస్తకమే లేకపోతే ఏం చదివించాలి? గురువారానికి రెండు రోజులే ఉన్నాయి. పిల్లమ్మ ఇంకా చూడలేదు.

మంగళవారం పొద్దున పదకొండో పాట పేజీ ప్రూఫు తీసుకొని బయలుదేరాను. మామ తెల్లచొక్కా వేసుకొని నాతోపాటు ఆటో ఎక్కారు. లైనిళ్ళ మొదట్లో వీధి కొళాయి దగ్గర ఆటో ఆపించి దిగారు.

"నువ్వు పోయిరా అమ్మా. నేను ఇక్కడుంటాను."

"మీరూ రండి మామా."

"నన్ను చూసి సరే అనకూడదు. బొమ్మను చూసి అనల్ల."

వరుసలో నాలుగో ఇల్లు. వాకిట్లోనే కుట్టుమిషను, దాని ముందు మెడలో టేపు వేసుకొన్న మనిషి. అరవైకి దగ్గర్లో ఉంటుంది. పక్కన మెట్టు మీద తొమ్మిదేళ్ళ పిల్ల గుండీలు ఏరుతోంది.

"పిల్లమ్మ గారేనా?"

"ఊ. బ్లౌజా?"

"కాదు. నేను... మునిశంకర్ గారి కోడల్ని."

మిషను చక్రం మీద ఆమె చెయ్యి ఆగింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. స్టూలు నా వైపు జరిపి, "కూచో" అంది.

పిల్లల పాటల పుస్తకం వేస్తున్నామని, అందులో ఒక పేజీ ఆమె చూడాలని మాత్రం చెప్పి కాగితం అందించాను. ఆమె దాన్ని చూడకుండానే పక్కనున్న పిల్లకిచ్చింది.

"నాకు చదువు రాదు. నేత్రా, ఏం రాసినారో చూడు."

నేత్ర పైనున్న తెలుగు అక్షరాలను ఒకసారి చూసి వదిలేసింది. కింద కన్నడ అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. రెండో వరుసకే వేలు ఆగిపోయింది. "అవ్వా, ఇది మన మాటే!" అని గట్టిగా అరిచి, అక్కడి నుంచి గడగడా చదివేసింది. గంట కొట్టె, కేజు దిగిపాయె. ఎంత లోతు అప్పా. కేజు పైకి వచ్చె. సగం బన్ను దాచి అప్ప తెచ్చె.

పిల్లమ్మ గుమ్మం వైపు చూస్తోంది.

"ఇంగోసారి చదువు" అంది.

నేత్ర మళ్ళీ చదివింది. అప్పుడు పిల్లమ్మ కాగితం తీసుకొని లేచి, వెలుతురున్న చోట నిలబడి చూసింది. పై నుంచి వేలితో షాఫ్టు వెంట కిందికి దిగింది. అడుగున వేలు ఆగింది. ఎండ మా ఇద్దరి మధ్య గడప దాటి లోపలికి పోయే దాకా ఆమె అలాగే నిలబడి ఉంది.

"కూచొనేది ఇట్లే" అంది చివరికి. "ఒక మోకాలు పైకెత్తి. ఇంట్లో కూడా అట్లే."

నేను లేచి ఆమె పక్కకు వెళ్ళి చూశాను.

"అయితే చెయ్యి తప్పు."

"చెయ్యా?"

"ఆయప్పది ఎడమచెయ్యి. అన్నం కుడిచేత్తో తినమని మా అత్త గరిటెతో కొట్టినా తినేవాడు కాదు. ఇక్కడ కుడిచేత్తో తింటా ఉండాడు." కాగితం నా చేతికిచ్చింది. "సరిచేసి వేసుకోమను."

"వేసుకోవచ్చునా చిన్నత్తా?"

ఆ పిలుపు నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆమె నన్ను తేరిపార చూసింది.

"వేసుకోండి" అంది. నేను మెట్టు దిగుతుండగా వెనక నుంచి, "ఇంత సన్నగా గీసినాడే, బావకు కండ్లు ఇంగా బాగనే ఉండాయా?" అని అడిగింది. ఉన్నాయన్నాను. వీధి మొదట్లో కొళాయి దగ్గర తెల్లచొక్కా ఆమెకూ కనిపిస్తూనే ఉంది. పిలవలేదు. మళ్ళీ మిషను దగ్గర కూర్చుంది.

చెయ్యి సంగతి చెప్పగానే మామ తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నారు. కుడి, ఎడమ.

"సుమా, లెవెల్ నంబరు మరవల్యా. షాఫ్టు నుంచి ఎన్ని అడుగులో మరవల్యా. వాని చెయ్యి మరిచిపోయినా."

ఆటోలో ముఖం అటు తిప్పుకొని కూర్చున్నారు.

ఆ ఒక్క చేతిని బ్లేడుతో గీకి సరిచేయవచ్చునని నాకు తెలుసు. సర్వే ఆఫీసులో తప్పులు అలాగే దిద్దేవాళ్ళని ఆయనే మధురకు చెప్పారు. గీకలేదు. కొత్త కాగితం పరిచి, ఇళ్ళ వరుస నుంచి మొదలుపెట్టి బుధవారం పొద్దు కుంకే దాకా బొమ్మ మొత్తం మళ్ళీ గీశారు. అత్త బల్ల దగ్గరికే అన్నం కలిపి తెచ్చి, ముద్దలు చేసి చేతికిచ్చింది. గురువారం పొద్దున మొదటి రైల్లో నేను బంగారుపేటలో దిగేసరికి మునీంద్ర మిషనుకు నూనె వేస్తున్నాడు.

మొదటి శనివారం మా బడి వరండాలో నలభై మంది దాకా వచ్చారు. అమ్మలే ఎక్కువ, నాన్నలు కొద్దిమంది. ఖాకీచొక్కా ఆటో డ్రైవరొకాయన కూతుర్ని ఒళ్ళో పెట్టుకొని రాగిముద్ద పాట చదవబోయి మధ్యలో ఆగిపోయాడు.

గుండ్రం గుండ్రం రాగిముద్ద,
గుటుక్కుమంటే ఒక్క ముద్ద.
నమిలితేనేమో అలుగుతాది,
మింగితే కడుపు నగుతాది!

"నగుతాది! మా అమ్మ మాట ఇది. పుస్తకంలో కూడా ఇట్ల రాయొచ్చునా మేడం?" అన్నాడు. రాయొచ్చన్నాను. అతను మళ్ళీ మొదటి నుంచి, ఈసారి గట్టిగా చదివాడు. అట్ట మీద 'పాటలు: సుమ, బొమ్మలు: మునిశంకర్' అని ఉంది. మామ చివరి బెంచీలో కూర్చొని, పిల్లలు ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగుతున్నారో గమనిస్తూ ఉన్నారు. పిల్లమ్మకు ఒక పుస్తకం మధుర చేత పంపించాం. ఏ మాటా తిరిగి రాలేదు.

జూన్ మూడో ఆదివారం. పొద్దున ఒక జల్లు పడి వెలిసింది. తలుపు చప్పుడైతే తీశాను. పిల్లమ్మ, పక్కన నేత్ర. నేత్ర చంకలో పుస్తకం ఉంది, మూలలు అప్పుడే నలిగిపోయి.

అత్త వంటింట్లోంచి వచ్చి ఆమెను చూసి మళ్ళీ లోపలికి వెళ్ళి కాఫీకి నీళ్ళు పెట్టింది. మామ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయనకు కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు. పిల్లమ్మ పుస్తకం తీసుకొని పదకొండో పాట విప్పి ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"బావా, ఆయప్ప కూచున్న ఈ చోటు నిజమైన చోటా? సుమ్నే ఊరికే గీసినావా?"

"నిజమైనదే."

"ఇక్కడే ఉండాడా?"

"ఇక్కడే."

"అయితే దీనికి నేరుగా పైన ఏముండాది? నేల మీద?"

మామ ఆమె ముఖంలోకి చూశారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరూ మిగల్లేదేమో. ఆయన మెల్లగా ఒక తెల్లకాగితం లాక్కున్నారు. లైనిళ్ళ వరుసలు, రోడ్డు మలుపు, నీళ్ళ ట్యాంకు, పాత ఆసుపత్రి గోడ. స్కేలు పెట్టి రెండు గీతలు గీసి, అవి కలిసిన చోట చుక్క పెట్టారు.

"ఇక్కడ."

పిల్లమ్మ వంగి చూసింది. నేత్ర కాగితం తిప్పి చూసి, "అవ్వా, ఇది మా ఆటల బయలు" అంది.

"ఆటల బయలే" అన్నారు మామ.

"ఆ పక్కనే నేను దినామూ నీళ్ళకు పోతా ఉంటిని" అంది పిల్లమ్మ. "ఎవరూ చెప్పల్యా నాకు."

"నేను వచ్చి చెప్పల్సి ఉండె. రాల్యా."

అత్త కాఫీ తెచ్చింది. పిల్లమ్మ నిలబడే తాగింది. గ్లాసు కింద పెట్టి, "రా బావా. చూపించు" అంది.

అందరం నడిచే వెళ్ళాం. నేను గొడుగు పట్టుకున్నాను గానీ వాన రాలేదు. ఆటల బయలులో ఒక పక్క పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. మామ ఆసుపత్రి గోడ మూల నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచారు. మధ్యలో ఆగి, ట్యాంకు వైపు చూసి, కొంచెం పక్కకు జరిగి మళ్ళీ నడిచారు. ఒక చోట నిలబడిపోయారు. అక్కడ వేరే గుర్తు ఏమీ లేదు. ఎర్రమట్టి, అక్కడక్కడా గరిక.

పిల్లమ్మ చెప్పులు విడిచి ఆ చోట నిలబడింది. కాళ్ళ కిందికి చూసుకుంది.

"అవ్వా, ఇక్కడేముండాది?" అంది నేత్ర.

"మీ తాత" అంది పిల్లమ్మ.

నేత్ర, మధుర ఒకరి ముఖం ఒకరు చూసుకొని, వాళ్ళూ చెప్పులు విడిచారు. పిల్లమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకొని నేల మీద కూర్చుంది. చేత్తో మట్టిని ఒకసారి తడిమింది. కబడ్డీ కూత వినిపిస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వినిపిస్తోంది. మామ దూరంగా, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడి ఉన్నారు.

పిల్లమ్మ తల తిప్పి ఆయన్ను చూసింది.

"ఏమిటికి నిలబడుకొని ఉండావు? కూచో బావా" అంది.

మామ తడినేల మీద, ఆమెకు కొంచెం పక్కగా కూర్చున్నారు.